కుడికి జరిపిన గీత

జూలై 3

ఎదురు దుకాణంలో నా డిజైన్ కనిపించింది.

దీక్షిత్ కొత్త షోకేసు పెట్టించాడు. లోపలంతా లైట్లు. కాలేజీ నుంచి వచ్చి మా దుకాణం మెట్లు ఎక్కబోతూ ఊరికే అటు చూశాను. పై వరసలో ఆకుపచ్చ లక్క కడ, వెడల్పాటి గాజు. దాని మీద తెల్ల రాళ్ళు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతున్నాయి. x క్యూబ్ మైనస్ 3x. పోయిన నెల ఫోన్‌లో గ్రాఫ్ యాప్ తెరిచి ఆ గీత నేనే తెచ్చాను. ఏ రాయి ఎక్కడ కూర్చోవాలో నేనే చుక్కలు పెట్టాను. అది ఇంకా మా షోకేసులోకే రాలేదు. మొదటి జోడుకు పై గదిలో ఇంకా రాళ్ళు పొదుగుతున్నారు.

బాపుతో చెప్పాను. లాడ్ బజార్‌లో మెలిక తిరగని గాజు ఏడుంది బిడ్డా అని నవ్వేశాడు.

కావచ్చు. పొద్దున పిల్లలకు మ్యాథ్స్ చెప్పి, మధ్యాహ్నం నుంచి గాజులు అమ్మేదాన్ని. ప్రతి గీతా నాదే అనిపించడం నా జబ్బేమో.

జూలై 9

జబ్బు కాదు. రెండోది కూడా వచ్చింది.

ఇది నేను బాగా కష్టపడ్డ గీత. రెండు లోయలు ఒకే లోతు ఉండకూడదని గుణకాలు మార్చి మార్చి చూశాను. దీక్షిత్ గాజు మీద కూడా ఎడమ లోయ లోతుగా, కుడి లోయ పైపైన. రంగు మాత్రం వేరు.

ఈసారి బాపు నవ్వలేదు. షట్టర్ సగం దించి, నన్నూ తమ్ముడినీ కూర్చోబెట్టి, ఇది బయటోళ్ళ పని కాదు, మన ఇంట్లకెళ్ళే పోతున్నది అన్నాడు. ఎవరెవరికి చూపించినవ్ అని అడిగాడు.

చూపించింది ముగ్గురికి. జిలానీ భాయ్‌కి. ఆయన మా కారీగర్, గాజులు చేసే పనివాడు, నేను జడలేసుకుని స్కూల్‌కి పోయే రోజుల నుంచి మా పై గదిలో లక్క కాస్తున్నాడు. తమ్ముడు నిఖిలేష్‌కి. దుకాణం ఇన్‌స్టా పేజీ వాడిదే. దీక్షిత్‌తో ఆదివారాలు క్రికెట్ ఆడేదీ వాడే. మూడోవాడు మనీష్. దసరా అయ్యాక మా నిశ్చితార్థం. నయాపూల్‌లో వాళ్ళది రాళ్ళ హోల్‌సేల్. నేను ఏది గీసినా స్క్రీన్‌షాట్ మొదట వెళ్ళేది అతనికే.

బాపుకు మొదటి రెండు పేర్లే చెప్పాను. మూడోది ఎందుకు చెప్పలేదో ఇక్కడ కూడా రాయబుద్ధి కావడం లేదు.

జూలై 10

నిఖిల్ స్నానానికి వెళ్తే వాడి ఫోన్ తీశాను. లాక్. సిగ్గేసి ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాను.

జూలై 12

పై గదికి వెళ్ళాను. నన్ను చూడగానే జిలానీ భాయ్ మాట్లాడుతున్న ఫోన్ కట్ చేశాడు. ఎవరు భాయ్ అంటే ఎవరూ లేదు బేటీ అన్నాడు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. కుంపటి వేడికి లక్క మెత్తబడుతోంది. ఆయన దాన్ని సాగదీసి, కడ మీద పరిచి, చిమటా పట్టకారుతో ఒక్కో రాయీ అద్దుతున్నాడు. ఆ చేతుల్ని చూడటం చిన్నప్పుడు నాకు సినిమా చూసినంత ఇష్టం. ఇవాళ వేరేలా చూశాను.

ఆయనకూ తెలిసిపోయింది. "ఏంది బేటీ, గట్ల చూస్తున్నవ్? తప్పు వోయిందా?"

ఏం లేదన్నాను.

జూలై 14

క్లాసులో గ్రాఫ్ షిఫ్టింగ్ మొదలుపెట్టాను. f(x)కి రెండు కలిపితే గీత పైకి లేస్తుంది, అది అందరికీ అర్థమైంది. f(x − 2) దగ్గర ఎప్పటి గొడవే. వెనక బెంచీ సోనీ లేచి, "మేడమ్, మైనస్ ఉన్నది గద, లెఫ్ట్‌కు పోవాలె. రైట్‌కు ఎట్ల పోతది?" అంది. x కి రెండు ఇస్తే తప్ప లోపల సున్నా రాదు కదా, అందుకని మొదట సున్నా దగ్గర జరిగిందంతా ఇప్పుడు రెండు దగ్గర జరుగుతుంది అని చెప్పాను. గీత అదే, వంపు అదే, చోటు మాత్రం మారింది. రెండు గీతలూ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది, విడివిడిగా చూస్తే ఎవ్వరూ పట్టలేరు అన్నాను.

అన్నాక చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆటో నయాపూల్ మీద ట్రాఫిక్‌లో ఆగేసరికి మొత్తం ప్లాన్ తయారు.

జూలై 15

కొత్త డిజైన్. x పవర్ 4 మైనస్ 4x స్క్వేర్. W ఆకారం, రెండు లోయల మధ్య చిన్న గుట్ట. గుట్టకు సరిగ్గా పైన ఒక పెద్ద ఎర్ర రాయి. ఇది అసలు.

ఎర్ర రాయిని కదపకుండా గీతను మాత్రం మూడు రకాలుగా జరిపాను. ఎడమకు జరిపింది జిలానీ భాయ్‌కి. పైకి జరిపింది నిఖిల్‌కి. కుడికి జరిపింది మనీష్‌కి. జరిపింది కొంచెమే. గుట్ట ఎర్ర రాయికి ఏ పక్కన ఉందో, లేక దాన్ని తాకిందో చూస్తే చాలు. దీక్షిత్ షోకేసులో ఏది వస్తే వాళ్ళే.

గాజును తలకిందులు చేసి పెడితే ఎలా అని కూడా ఆలోచించాను. అప్పుడు W కాస్తా M అవుతుంది, వెంటనే తెలిసిపోతుంది. అన్నీ చూసుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

జూలై 18

ముగ్గురికీ చేరాయి.

జిలానీ భాయ్‌కి ప్రింట్ ఇచ్చాను. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "లాల్ పత్తర్ కిందికెళ్ళి గుట్ట పక్కకు జరిగింది గద. కావాలనే జేసినవా?" అని అడిగాడు. అవునన్నాను. "అచ్ఛా. కొత్తగుంది. మంచిగ జేస్త," అన్నాడు.

నిఖిల్‌కి వాట్సాప్ చేశాను. పోస్ట్ చెయ్యకు, దాచు అన్నాను. థంబ్స్ అప్ పెట్టాడు.

మనీష్ గీత వద్దన్నాడు. ఎప్పుడూ గీతలేనా, చేతికి వేసుకుని చూపించు అన్నాడు. ఇంట్లో ఉన్న ఉత్త లక్క కడ మీద నేనే జిగురుతో రాళ్ళు అతికించి, వేసుకుని, హాల్లో గోడకానుకుని చెయ్యి బుగ్గ దగ్గర పెట్టి సెల్ఫీ పంపాను. హార్ట్‌లు వచ్చాయి. గాజుకా నాకా అని అడిగాను. రెండింటికీ అన్నాడు. కాసేపు ఈ పరీక్ష సంగతే మర్చిపోయాను.

జూలై 26

ఇంకా రాలేదు.

ఆగస్టు 6, మధ్యాహ్నం

వచ్చింది.

గులాబీ రంగు. ఎర్ర రాయికి బదులు ముత్యం పెట్టాడు. గుట్ట ముత్యానికి ఎడమ పక్కన ఉంది. రోడ్డు మధ్యలో నిలబడి చూస్తుంటే వెనక బండివాడు హార్న్ కొడుతూనే ఉన్నాడు. మళ్ళీ చూశాను. ఎడమే.

పై గదికి వెళ్ళి జిలానీ భాయ్ చేసిన జోడు తెచ్చి, చున్నీలో దాచి, ఎదురు షోకేసు ముందు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

ఆగస్టు 6, సాయంత్రం

బాపు ఆయన్ని కిందికి పిలిచాడు. నేను పిలవలేదు, కానీ చెప్పింది నేనే.

జిలానీ భాయ్ చేతులు తుడుచుకుంటూ దిగాడు. బాపు గాజు చేతికిచ్చి, ఇది ఎదురుంగ ఎట్ల వోయింది అని అడిగాడు. తెలియదు సేఠ్ అన్నాడు. బాపు గొంతు పెరిగింది. "ఇరవై ఏండ్లు తమ్ముని లెక్క చూసుకున్న గదనే. పైసలు తక్కువైతే అడగరాదా? దొంగతనం ఎందుకు?" బయట కొనేవాళ్ళు ఆగి చూస్తున్నారు. పక్క దుకాణాలవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

ఆయన బాపు వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "నువ్వు చెప్పు బేటీ. నేను చేసిన్నా?"

గీత ఎడమకు జరిగింది నీ కాగితంలోనే భాయ్ అన్నాను. నా గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది.

ఆయన పైకి వెళ్ళి, చెప్పులు తొడుక్కుని, టిఫిన్ డబ్బా తీసుకుని దిగిపోయాడు. చిమటా, కుంపటి అక్కడే వదిలేశాడు.

ఆగస్టు 8

మనీష్‌కి ఫోన్‌లో అంతా చెప్పాను, అతన్నీ పరీక్షించానన్న ముక్క తప్ప. "మంచిగైంది. గట్లాంటోళ్ళను పెట్టుకోవద్దు," అన్నాడు. కొత్తగా ఏం గీస్తున్నవ్ అని అడిగాడు.

ఆగస్టు 21

కొత్త కారీగర్ చేతిలో నా గీతలు వంకరపోతున్నాయి. గుట్ట గుట్టలా లేదు, వాపులా ఉంది.

నిఖిల్‌కి పరీక్ష సంగతి తెలిసింది. బాపు చెప్పినట్టున్నాడు. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "నన్ను గూడ టెస్ట్ జేసినవా అక్కా? అడిగితే చెప్పకపోదునా?" అందరినీ చేశానురా అన్నాను. అందరూ అంటే ఎవరు అన్నాడు. వాడి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

ఆగస్టు 30

జిలానీ భాయ్ దీక్షిత్ దుకాణంలో చేరాడు.

ఇవాళ చూశాం. లోపల అద్దాల తలుపు వెనక, కొత్త కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. "చూసినవా, అసలు రంగు బయటపడ్డది," అన్నాడు బాపు. చాలా రోజుల తర్వాత బాపు కడుపునిండా తిన్నాడు. నేనూ తిన్నాను. ఇన్నాళ్ళూ మనసులో ఏదో మూల గుచ్చుతున్న ముల్లు ఊడినట్టయింది.

సెప్టెంబర్ 4

వరసగా రాయాలి.

నిశ్చితార్థం చీర చూడటానికి మనీష్ వాళ్ళింటికి రమ్మన్నారు. వెళ్ళాను. వాళ్ళమ్మ కమలకుమారి గారు ఎదురొచ్చి, నీకొకటి చూపిస్త రా అని హాల్లోకి తీసుకెళ్ళారు. గోడ మీద పెద్ద ఫ్రేమ్. అందులో నేను. జూలైలో పంపిన సెల్ఫీ. మనీష్ ప్రింట్ తీయించాడట. ఆమె మురిసిపోతున్నారు. "మావోడు రోజు దీని ముందటనే నిలవడతడు," అన్నారు.

నేనూ నవ్వుతూ చూశాను. ఫోటోలో నా వెనక గోడకు మా దుకాణం క్యాలెండర్ ఉంది. దాని మీద పెద్దక్షరాలతో వెంకటనారాయణ అండ్ సన్ అని ఉంటుంది. చదవబోయాను. చదవడం రాలేదు. అక్షరాలు అటువైపు తిరిగి ఉన్నాయి.

నా ఫోన్ సెల్ఫీలను అద్దంలో కనిపించినట్టే సేవ్ చేస్తుంది. ఎన్నిసార్లు చూసి ఉంటానో. ఎప్పుడూ పట్టించుకోలేదు.

అప్పుడు గాజు చూశాను. గుట్ట ఎర్ర రాయికి ఎడమ పక్కన ఉంది.

కుడికి జరిపి నా చేత్తో నేను అతికించిన గుట్ట.

చీర ఏ రంగో గుర్తులేదు. బాగుందన్నాను.

సెప్టెంబర్ 5

క్లాసు లేని పీరియడ్‌లో బోర్డు మీద వేసి చూశాను. f(x − 2) కుడికి. దాన్ని నిలువు గీత మీద అద్దం పట్టినట్టు తిప్పితే x ఉన్నచోట −x రావాలి. f(−x − 2). నా ఫంక్షన్‌లో ఉన్నవన్నీ సరి ఘాతాలే, మైనస్‌ను మింగేస్తాయి. f(x + 2). ఎడమకు. అంటే కుడికి జరిపి అద్దం పట్టినా, ఊరికే ఎడమకు జరిపినా ఒకటే గీత. పైకిందుల ప్రతిబింబం గురించి అంత ఆలోచించినదాన్ని, పక్కల ప్రతిబింబం మర్చిపోయాను. వచ్చే వారం పిల్లలకు చెప్పబోయే పాఠమే అది.

మొదట మనీష్ అనుకున్నాను. తర్వాత కాదనుకున్నాను. లెక్క అలా చెప్పడం లేదు. దీక్షిత్ గాజు ఫోటో నుంచి వచ్చి ఉండొచ్చు, జిలానీ భాయ్ కాగితం నుంచీ వచ్చి ఉండొచ్చు. ఇద్దరిదీ ఒకే గీత. నా పరీక్ష ఆ ఇద్దరిలో ఎవరినీ పట్టించలేదు, ఎవరినీ వదిలిపెట్టలేదు. దాన్ని పట్టుకుని నేను నలుగురిలో ఒక మనిషిని దొంగను చేశాను.

ఇక లెక్కలతో కాదు. నోటితో అడగాలి.

సెప్టెంబర్ 6

నయాపూల్‌లో మనీష్ దుకాణానికి వెళ్ళాను. రాళ్ళ పొట్లాల మధ్య కూర్చోబెట్టి లస్సీ తెప్పించాడు. నా ఫోటో దీక్షిత్‌కి పంపావా అని అడిగాను. ఏ మలుపూ లేకుండా అలాగే అడిగాను.

బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

"పంపిన. మొదటి రెండు గూడ పంపిన. వాడు నా దోస్తు. ఏమైతది?" అన్నాడు. కుర్చీ నా దగ్గరకు జరుపుకున్నాడు. "పెండ్లైనంక నీ డిజైన్లు మన ఇంటియే గద. నేను, దీక్షిత్ కలిసి పెద్ద షోరూం పెడుతున్నం. ఏది నడుస్తది, ఏది నడవదని ముందుగాల చూసుకోవాలె గద. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్న."

మరి మా బాపు దుకాణం అన్నాను. మీ తమ్ముడున్నడు గద అన్నాడు.

జిలానీ భాయ్‌ని పంపేశామని చెప్పిన రోజే, ఆయన కాదని నీకు తెలుసు కదా అన్నాను. మనీష్ ఫోన్ తిరగేసి బల్ల మీద పెట్టాడు. "ఒక కారీగర్ పోతే ఇంకొకడొస్తడు. నువ్వు మస్తు ఫికర్ జేస్తవ్ మైథిలీ."

కోపంతో అన్నా బాగుండేది. బుజ్జగిస్తున్నట్టు అన్నాడు.

లస్సీ తాగకుండా లేచాను. పెళ్ళి వద్దని అక్కడే చెప్పాను. జోక్ అనుకున్నాడు. నేను రోడ్డు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

సెప్టెంబర్ 7

బాపుతో చెప్పాను. క్యాలెండర్ తెచ్చి, సెల్ఫీ చూపించి, గాజు చేతికి వేసుకుని అద్దం ముందు నిలబడి చూపించాను. బాపు అద్దంలోకి, నా చేతికి, మళ్ళీ అద్దంలోకి చూశాడు. నిశ్చితార్థం ఆగిపోయిందని చెబితే అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వాళ్ళకు నేను చెప్పుకుంట లే అన్నాడు. తర్వాత, "జిలానీ దగ్గరికి ఏం మొహం పెట్టుకొని పోవాలె బిడ్డా," అన్నాడు.

నేను పోతా అన్నాను. నిఖిల్ వచ్చి, నేనూ వస్త అక్కా అన్నాడు. అన్నం ముందు నుంచి లేచిపోయిన రోజు తర్వాత వాడు నన్ను అక్కా అనడం ఇదే మొదటిసారి.

సెప్టెంబర్ 9

యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో ఇల్లు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. నిఖిల్ రెండుచోట్ల అడిగితే దొరికింది. జిలానీ భాయ్ అప్పుడే పని నుంచి వచ్చి ముఖం కడుక్కుంటున్నాడు. కూర్చోమన్నాడు. ఆయన భార్య షమీమ్ మా ఇద్దరినీ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తప్పు నాదేనని చెప్పాను. ఫోటో, అద్దం, మనీష్, మొత్తం చెప్పాను. మూడు కాగితాల సంగతి కూడా. ఆయన మధ్యలో ఆపలేదు. ఎవరు చేశారన్నది ఆయనకు పెద్ద వింత కాలేదు. దీక్షిత్ దగ్గర చేరినప్పుడే తెలిసిందట. మరి వచ్చి చెప్పకపోయావా భాయ్ అని నిఖిల్ అడిగాడు. "దొంగ అన్న ఇంటికి పోయి, నేను కాదు ఫలానోడు అని చెప్పాల్నా? చౌక్ దాక అందరికీ ఎరుకైంది. ఎవ్వరు పని ఇయ్యలే. నేను దొంగ కాదని తెల్సినోడు ఒక్క దీక్షిత్ సేఠే. గందుకే పెట్టుకున్నడు," అన్నాడు.

తిరిగి రమ్మన్నాను. బాపు కూడా రమ్మంటున్నాడన్నాను.

జిలానీ భాయ్ తువాలు మడిచి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "సేఠ్ కోపంల అన్నడు. గది నేను మర్చిపోత. గానీ బేటీ, నువ్వు ఇచ్చిన బొమ్మ... గుట్ట పక్కకుంటే కొత్తగున్నదని నేను దాని మీద మస్తు దిల్ పెట్టి చేసిన. రాళ్ళు ఏరి ఏరి పెట్టిన. నువ్వు దాన్ని నాకు పని కోసం ఇయ్యలే. నన్ను పట్టుకునుడు కోసం ఇచ్చినవ్."

మోకాళ్ళ మీది తువాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"ఇప్పుడు నేను ఆడ మాట ఇచ్చిన. రాను. నీ డిజైన్లు నా చేతులల్ల ఉన్నయ్, తీసి నీకు ఇయ్యలేను. గానీ ఆ దుకాణంల వాటిని చెయ్య. గిది నా జబాన్."

షమీమ్ చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. మొత్తం తాగాను. వదిలేసి లేచే హక్కు నాకు లేదనిపించింది.

సెప్టెంబర్ 18

క్లాసులో రిఫ్లెక్షన్ చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఒక్కసారికే అర్థమైంది మేడమ్ అన్నారు.

బాపు చిమటా, కుంపటి ఆటోలో వేసుకుని ఒక్కడే యాకుత్‌పురా వెళ్ళొచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. వచ్చాక పక్క దుకాణాలన్నీ తిరిగి, జిలానీ తప్పేమీ లేదని ఒక్కొక్కరికీ చెప్పాడు. ఎదురు దుకాణం మెట్లు మాత్రం ఎక్కలేదు.

అక్టోబర్ 11

నా గీత ఏదీ దీక్షిత్ షోకేసులో లేదు. పొద్దున చూశాను, సాయంత్రం మళ్ళీ చూశాను. రోజూ చూస్తున్నాను. ఇవాళ నేను వంగి కింది వరస దాకా వెతుకుతుంటే, అద్దం వెనక నుంచి జిలానీ భాయ్ చెయ్యెత్తి సలాం చేశాడు. నేనేం వెతుకుతున్నానో ఆయనకు తెలుసు.